గదే బీరువా, లోపల మళ్లీ బీరువాలు ఎందుకు?

బీరువాకు మూడు పక్కలా పలకలు, పైన కప్పు, కింద అడుగు, ముందు తలుపు ఉంటాయి. గదికీ అంతే: చుట్టూ గోడలు, పైన కప్పు, కింద నేల, ముందు తలుపు. ఇంట్లో వాడకం లేని గదిని బట్టల గదిగా, అదే వాక్-ఇన్ క్లోజెట్‌గా మార్చుకోవాలనుకునేవాళ్లు ఈ ఒక్క సంగతి పట్టుకుంటే చాలు, తక్కువ ఖర్చుకు దారి దానంతటదే కనిపిస్తుందని నా వాదన. కానీ పత్రికల్లో, వీడియోల్లో చూపించే నమూనాలు దీనికి సరిగ్గా ఎదురు. గది లోపల మళ్లీ బీరువాలు కడతారు. గోడకు ఆనించి మరో గోడ, కప్పు కింద మరో కప్పు, తలుపు వేసి ఉన్న గదిలో ఇంకో అరడజను తలుపులు. ఉన్నదానికే మళ్లీ డబ్బు కట్టడం కాకపోతే ఏమిటిది?

మా ఇంట్లో ఒక చిన్న గది ఉండేది. 240 సెంటీమీటర్ల వెడల్పు, 300 పొడవు. సామాన్ల గది అని పేరే గానీ అందులో సామాన్ల కన్నా ఖాళీ అట్టపెట్టెలే ఎక్కువ. దాన్ని మార్చాలని ఒక ఇంటీరియర్ సంస్థను పిలిస్తే కంప్యూటర్‌లో గీసిన రంగుల బొమ్మ ఒకటి పంపారు. రెండు వైపులా అద్దాల తలుపుల బీరువాలు, నడుమ రాతి పలక పరిచిన దిమ్మె, దాని మీద పూలకుండీ. బొమ్మ ముచ్చటగానే ఉంది. టేపు పట్టుకుని కొలిస్తేనే చిక్కు తెలిసింది. రెండు పక్కల బీరువాలకు చెరో 60 సెంటీమీటర్లు పోతే నడుమ మిగిలేది 120. అందులో దిమ్మెకు 60 పోతే అటు 30, ఇటు 30. అంటే నా బట్టల దగ్గరకు నేను ఎండ్రకాయలా పక్కకు నడుస్తూ వెళ్లాలి. అలాంటి దిమ్మె కావాలంటే దాని చుట్టూ 90 సెంటీమీటర్ల దారి వదలాలి, గది వెడల్పు కనీసం 360 ఉండాలి. అంత పెద్ద గదిని ఎవరూ ఖాళీగా ఉంచుకోరు.

బొమ్మను పక్కన పెట్టి చెక్క లెక్క వేశాను. మూడు మీటర్ల పొడవు, 240 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న ఒకే ఒక్క గోడ తీసుకుందాం. దాన్ని పూర్తిగా బీరువాగా కడితే ముందు తలుపులకు 7.2 చదరపు మీటర్ల చెక్క కావాలి. వెనక పలకకు అంతే. ఆ పలక సన్నదే కావచ్చు, అయినా చెక్క చెక్కే. పై కప్పు, అడుగు కలిపి 3.6. నిలువు పలకలు ఐదు అనుకుంటే వాటికి మరో 7.2. ఇంకా ఒక్క అర కూడా బిగించకుండానే 25 చదరపు మీటర్లు దాటింది. ప్రామాణిక ప్లైవుడ్ పలక 244 సెంటీమీటర్లు బై 122, అంటే మూడు చదరపు మీటర్లకు కాస్త తక్కువ. కోతల్లో పోయే వృథా కలపకుండానే ఎనిమిదిన్నర పలకలు. ఇప్పుడు తలుపులు, వెనక పలక, కప్పు, అడుగు తీసేయండి. 25లో 18 ఎగిరిపోతాయి. వాటితో పాటు తలుపులకు అంటించే సన్‌మైకా, మడతబందులు, పిడులు, మెల్లగా మూసుకునేందుకు పెట్టే సరంజామా కూడా పోతాయి. అసలు బట్టలను మోసేవి ఏమిటి? కడ్డీ, అర. మిగిలినదంతా వాటిని దాచడానికి. దాచే పనికి గది తలుపు ఉండనే ఉంది.

ఈ మాట చెబితే మా వడ్రంగి మేస్త్రీ ముఖం చిన్నబోయింది. "తలుపులు లేకపోతే పని సగంలో వదిలేసినట్టు ఉంటుంది మేడమ్, చూసినవాళ్లు నన్ను తిడతారు" అన్నారు. ఆయన బాధ నాకు అర్థమైంది, పనితనమంతా తలుపుల్లోనే కనిపిస్తుంది కదా. "చూసేవాళ్లను ఆ గదిలోకి రానిస్తే కదా మేస్త్రీగారూ" అన్నాను. ఆయన నవ్వలేదు గానీ ఒప్పుకున్నారు.

తలుపులు మానేస్తే వచ్చే లాభం డబ్బు ఒక్కటే కాదు. మామూలు హ్యాంగర్ వెడల్పు 42 నుంచి 45 సెంటీమీటర్లు. దానికి మందపాటి కోటు తగిలిస్తే భుజాలతో కలిపి 55 దాటుతుంది. అందుకే బీరువా లోతు 60 ఉండాలంటారు. అంతకన్నా తగ్గితే చొక్కా చేయి తలుపు సందులో ఇరుక్కుంటుంది. తలుపే లేనప్పుడు ఇరుక్కోవడానికి ఏముంది? కడ్డీని గోడకు 28 సెంటీమీటర్ల దూరంలో బిగించాను. కోటు భుజం నడిచే దారిలోకి కాస్త పొడుచుకొస్తే వస్తుంది, తగిలితే బట్టే కదా, పక్కకు జరుగుతుంది. తలుపు రెక్క తెరుచుకోవడానికి వదలాల్సిన చోటు కూడా కలిసొచ్చింది. ఇరుకు గదుల్లో ఆ కొద్ది సెంటీమీటర్లే నడవడానికీ, ఒరుసుకుంటూ పోవడానికీ తేడా.

కొలతల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. అందరూ గదిని కొలుస్తారు, బట్టలను కొలవరు. నా దృష్టిలో ఇది తలకిందుల పని. ఇప్పుడున్న బీరువాలో హ్యాంగర్లకు ఉన్నవన్నీ నలగకుండా ఒక పక్కకు జరిపి టేపు పట్టండి. చొక్కాలు ఒకచోట, పొడవాటి గౌన్లు ఒకచోట, కోట్లు ఒకచోట. చొక్కా కడ్డీ మీద దాదాపు మూడు సెంటీమీటర్లు తీసుకుంటుంది, కోటు దానికి రెట్టింపు పైనే. మడతపెట్టినవి దొంతరలుగా పేర్చి వాటి ఎత్తునూ వెడల్పునూ కొలవండి. ఈ అంకెలు కాగితం మీద పడ్డాక మీకు కావాల్సినది ఎన్ని మీటర్ల కడ్డీ, ఎన్ని మీటర్ల అర అన్నది తేలిపోతుంది. దానికి పావు వంతు కలుపుకుంటే సరిపోతుంది. చాలామందికి ఒక గోడ చాలని తేలుతుంది. అప్పుడు రెండో గోడను చెక్కతో నింపకుండా వదిలేయవచ్చు. అక్కడ కుర్చీ వేసుకోండి, ఇస్త్రీ బల్ల వేసుకోండి, అతిథి వస్తే మడత మంచం వేయండి. గది మొత్తాన్నీ బట్టలకే ధారపోయాలన్న నియమం ఎక్కడా లేదు.

వెడల్పు గురించి ఒక్కమాటతో సరిపెడతాను: ఒక పక్క బట్టలు, పక్కన 90 సెంటీమీటర్ల దారి, మొత్తం 150. అంతకన్నా ఇరుకైతే బట్టలు తగిలించే ఆలోచన మానుకుని, 35 సెంటీమీటర్ల లోతున్న అరలు మాత్రమే బిగించి మడతల గదిగా వాడుకోవడం మేలు.

ఎత్తు విషయంలో మాత్రం తొందరపడకూడదు. కప్పు ఎత్తులో సగం చోటు వృథా అయ్యేది ఇక్కడే. పొట్టి బట్టలకు, అంటే చొక్కాలకూ, హ్యాంగర్ మీద సగానికి మడిచిన ప్యాంట్లకూ, ఒక మీటరు ఎత్తు సరిపోతుంది. అందుచేత ఒకే కడ్డీ వేసి కింద ఖాళీ వదిలే బదులు ఒకదాని మీద ఒకటి రెండు వేయవచ్చు. సాధారణంగా కిందిది 100 సెంటీమీటర్ల దగ్గర, పైది 205 దగ్గర అని చెబుతారు. కానీ 205 ఎవరి చేతికి అందుతుంది? ముని వేళ్ల మీద నిలబడి రోజూ చొక్కా తీయడం కుదిరే పని కాదు. గోడకు ఎదురుగా నిలబడి, ఒక హ్యాంగర్ పట్టుకుని, శ్రమపడకుండా చేయి ఎంత ఎత్తుకు పోతుందో అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టండి. నా గీత 195 దగ్గర పడింది. కింది కడ్డీని ఆ మేరకు 97కు దించాం. చొక్కా అంచుకూ నేలకూ నడుమ చీపురు దూరేంత చోటు ఇంకా మిగిలింది. పొడవాటి వాటికి వేరుగా, 165 నుంచి 170 ఎత్తులో ఒక్క కడ్డీ. ఆ భాగం మీటరు వెడల్పు ఉంటే చాలా ఇళ్లకు ఎక్కువే. ఉన్ని స్వెట్టర్లను మాత్రం తగిలించకండి, సొంత బరువుకే సాగిపోతాయి. వాటి చోటు అర.

అరల దగ్గర భౌతికశాస్త్రం నిర్దాక్షిణ్యంగా ఉంటుంది. రెండు కొసల ఆధారం మీద నిలిచిన పలక నిండా బట్టలు పేర్చినప్పుడు అది ఎంత వంగుతుందన్నది దాని పొడవు నాలుగో ఘాతాన్ని బట్టి పెరుగుతుంది. పొడవు రెట్టింపైతే వంపు 16 రెట్లు. 60 సెంటీమీటర్ల అరను 90 చేస్తే ఐదు రెట్లు. ఇందుకు విరుగుడుగా మందం పెంచుదామంటారా, మందం ఘాతం మూడే. 18 మిల్లీమీటర్ల పలక బదులు 25 మిల్లీమీటర్లది వేస్తే వంపు రెండున్నర రెట్లకు పైగా తగ్గుతుంది, అంతే. ఐదు రెట్లు పోగొట్టుకుని రెండున్నర రెట్లు సంపాదించుకోవడానికి డబ్బు కట్టడం ఏ లెక్కన లాభం? చవకైన పార్టికల్ బోర్డు, అంటే చెక్క పొట్టును జిగురుతో అదిమి చేసిన పలక, అయితే ఇంకో తంటా ఉంది. మొదటి రోజు వంగినంతతో ఆగదు, అదే బరువు కింద నెలల తరబడి మెల్లగా వంగుతూనే పోతుంది. బరువు తీసేసినా పూర్తిగా వెనక్కి రాదు. కాబట్టి నిలువు ఆధారాలను 60 సెంటీమీటర్లకు ఒకటి వేసుకుంటే చవక పలకైనా నిలుస్తుంది. ఎక్కడైనా 90 తప్పదనుకుంటే ముందు అంచు కింద నాలుగు సెంటీమీటర్ల ఎత్తు చెక్క పట్టీని నిలువుగా అంటించి స్క్రూలు బిగించండి. పలక మొత్తాన్ని మందం చేయడం కన్నా ఆ పట్టీ ఎక్కువ పని చేస్తుంది, ఖర్చు మాత్రం నామమాత్రం. అర నుంచి అరకు 30 సెంటీమీటర్లు చాలు. అంతకన్నా ఎత్తు దొంతర పేరిస్తే కింది చొక్కా లాగినప్పుడల్లా దొంతరంతా మీద పడుతుంది.

కడ్డీకీ ఇదే నీతి. బోలు ఉక్కు గొట్టమైనా సరే, మీటరుకు ఒక ఆధారం ఉండాలి. చొక్కాలైతే మీటరుకు పది కిలోలతో పోతుంది, చలికోట్లతో నింపితే అది మూడింతలు అవుతుంది.

సొరుగులు మానేయమని కూడా అంటాను. ఒక్క సొరుగులో నాలుగు పక్కలు, ఒక అడుగు, బయటి ముఖం, రెండు చానెళ్లు, ఒక పిడి ఉంటాయి. గది మొత్తంలో చదరపు అడుగుకు అత్యంత ఖరీదైన వస్తువు అదే. లోదుస్తులకూ మేజోళ్లకూ అరల్లో పెట్టుకునే బుట్టలు చాలు. తప్పదనుకుంటే, ఇంట్లో మూలన పడి ఉన్న పాత సొరుగుల బల్లను ఆ పొడవాటి బట్టల కడ్డీ పక్కన చేర్చండి. రంగు వేశాక ఎవరికీ తేడా తెలియదు.

ఇక అందరూ లేవనెత్తే అభ్యంతరం: దుమ్ము. మా అక్క మొదటి మాటే అది. "తలుపులు లేకుండా పెడితే వారానికోసారి బట్టలు దులుపుకుంటూ కూర్చోవాలే" అంది. అభ్యంతరం న్యాయమైనదే, కొట్టిపారేయను. కానీ ఆ గదిలో దుమ్ము ఎక్కడి నుంచి వస్తుందో చూడాలి. కొంత కాళ్లకు అంటుకుని వస్తుంది, కొంత తెరిచిన కిటికీ నుంచి, మిగిలింది బట్టల నుంచి రాలే నూలు పోగులే. గది తలుపు మూసి ఉంచి, కిటికీకి దోమతెర బిగించి, నేల మీద చాపలూ తివాచీలూ పరచకుండా ఉంటే చాలా భాగం తగ్గుతుంది. రోజూ తీసి తొడుక్కునే వాటి మీద దుమ్ము నిలవదు. ఏడాదికి ఒకటి రెండుసార్లు వాడే వాటికి నూలుగుడ్డ సంచులు తొడగాలి. లాండ్రీ వాళ్లు ఇచ్చే ప్లాస్టిక్ కవరుతో అలాగే తగిలించవద్దు, తేమ లోపలే ఉండిపోతుంది.

పురుగుల విషయంలోనైతే తలుపులు మేలు చేయకపోగా కీడు చేస్తాయి. బట్టలు తినేది ఎగిరే చిమ్మట కాదు, దాని పిల్లపురుగు. ఉన్ని, పట్టు, ఈకలు దానికి ఆహారం. చెమట మరక అంటిన బట్టంటే మరీ ఇష్టం. చీకటి, ఎవరూ కదిలించని మూల దానికి కావాలి. తలుపు మూసిన బీరువా అడుగు అర దానికి సరిగ్గా సరిపోయే ఇల్లు. వెలుతురు పడుతూ, రోజూ చేయి తగిలే తెరిచిన అరలో అది స్థిరపడడం కష్టం. ఉతకని బట్టను ఆ గదిలోకి రానివ్వకపోతే సగం పోరు గెలిచినట్టే.

దుమ్ము కన్నా నేను భయపడేది తేమకు. చలి రోజుల్లో బయటి గోడ లోపలి గోడ కన్నా చల్లగా ఉంటుంది. దానికి ఒత్తుకుని బట్టలు ఉంటే వెనక గాలి ఆడదు. గాలిలోని తేమ చల్లటి గోడ మీద చెమ్మగా మారుతుంది. కొన్ని నెలలకు కోటు వీపున బూజు మచ్చలు తేలతాయి. వీలైతే కడ్డీలను లోపలి గోడకే బిగించండి. బయటి గోడే దిక్కైతే, అరలకూ గోడకూ నడుమ ఐదు సెంటీమీటర్ల సందు వదలండి. వెనక పలక లేకపోవడం ఇక్కడ కూడా కలిసొస్తుంది, గాలికి అడ్డం ఉండదు. గది తలుపు కింద రెండు సెంటీమీటర్ల ఎడం ఉంచండి. తేమ కొలిచే చిన్న మీటరు ఒకటి కొనుక్కుని, అంకె 60 శాతం దాటకుండా చూసుకోండి. దాటిన రోజుల్లో ఫ్యాన్ వేసి కిటికీ తెరవడమా, తేమ తీసే యంత్రం పెట్టడమా అన్నది బయటి వాతావరణాన్ని బట్టి ఉంటుంది. బయట అంతకన్నా తేమగా ఉన్నప్పుడు కిటికీ తెరిస్తే ఉన్నది కాస్తా పెరుగుతుంది. అన్నట్టు, ఇస్త్రీ చేసిన వెంటనే వేడిగా ఉన్న చొక్కాను లోపల తగిలించే అలవాటుంటే మానుకోండి, దానిలో ఆవిరి ఇంకా ఉంటుంది.

కిటికీని మూసేయమని సలహా ఇచ్చేవాళ్లు ఉన్నారు. నేను ఒప్పుకోను. ఎండ బట్టల రంగు తీసేస్తుందన్నది నిజం. ఆ నష్టం ప్రతిరోజూ కూడుకుంటూ పోయేదే తప్ప మళ్లీ పూడేది కాదు. మ్యూజియంలు పాత వస్త్రాలను 50 లక్స్ మసక వెలుతురులోనే ఉంచుతాయంటే అందుకే. మామూలు కిటికీ అద్దం కూడా అతినీలలోహిత కిరణాలను పూర్తిగా ఆపదు. దీనికి మందు మందపాటి తెర, ఇటుకలు కాదు. చాలా చోట్ల కిటికీ లేని గదిని పడకగదిగా లెక్కించరు కూడా, ఇల్లు అమ్మాల్సి వస్తే ఒక గది విలువ పోగొట్టుకున్నట్టు.

దీపాల దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. తలుపుల్లో మిగిల్చిన డబ్బులో కొంత ఇక్కడ పెట్టండి. గది నడుమ ఒకే దీపం ఉంటే, అరల వైపు తిరిగి నిలబడగానే మన నీడే బట్టల మీద పడుతుంది. దీపాలు మనకూ బట్టలకూ నడుమ, అరల ముందు అంచు పైన రావాలి. ఎల్‌ఈడీ పట్టీలు ఇందుకు బాగా పనికొస్తాయి. పెట్టె మీద సీఆర్‌ఐ, అంటే ఆ దీపం కింద రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో వందకు చెప్పే అంకె, 90 లేదా అంతకు పైన ఉన్నది చూసి కొనండి. అది తక్కువైతే ముదురు నీలమూ నలుపూ ఒకేలా కనిపించి, వీధిలోకి వచ్చాక అసలు రంగు బయటపడుతుంది. కాంతి రంగు 4000 కెల్విన్ల చుట్టుపక్కల ఉంటే అటు పసుపూ ఇటు నీలమూ కాని తెలుపుగా ఉంటుంది. పాత రకం ఫిలమెంటు బల్బును మాత్రం ఈ గదిలో పెట్టవద్దు, బట్ట తగిలితే కమిలిపోయేంత వేడి. అమెరికా జాతీయ విద్యుత్ నియమావళి బట్టల గూళ్లలో మూత లేని ఫిలమెంటు బల్బులను నిషేధించింది. ఏ దీపమైనా బట్టకు 30 సెంటీమీటర్ల దూరంలో ఉంటే నిశ్చింత.

అద్దం కొనేటప్పుడు దుకాణదారు నేల నుంచి కప్పు దాకా ఉన్నది చూపిస్తాడు. అవసరం లేదు. మనిషి తనను తాను తల నుంచి కాలి దాకా చూసుకోవడానికి తన ఎత్తులో సగం ఎత్తున్న అద్దం చాలు, ఎంత దూరంలో నిలబడ్డా సరే. 170 సెంటీమీటర్ల మనిషికి 85. పై అంచు కంటికీ నడినెత్తికీ నడిమధ్య ఎత్తులో రావాలి, అదొక్కటే షరతు. ఇంట్లో పొట్టివాళ్లూ పొడుగువాళ్లూ ఉంటే రెండు వైపులా కాస్త కలుపుకోండి. గది తలుపు లోపలి వైపు దానికి మంచి చోటు.

పార్టికల్ బోర్డు గానీ, చెక్క పీచుతో చేసే ఎండీఎఫ్ పలక గానీ వాడితే వాసన సంగతి చూసుకోవాలి. వాటిని అతికించే జిగురు నుంచి ఫార్మాల్డిహైడ్ మెల్లగా వెలువడుతుంది. అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ 2004లో దాన్ని మనుషులకు కేన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది. ఆ వాయువును తక్కువగా వదిలే పలకలకు ఇచ్చే ఈ1 గుర్తు గానీ, అంతకన్నా మెరుగైనది గానీ ఉన్న పలకలే అడగండి. కోసిన అంచులన్నిటికీ, గోడ వైపు కనిపించని అంచులతో సహా, పట్టీ అంటించమనండి. వాయువు ఎక్కువగా పోయేది ఆ కోత అంచుల నుంచే. పని అయ్యాక బట్టలు పెట్టడానికి తొందరపడకుండా కొన్ని వారాలు కిటికీ తెరిచి ఉంచండి.

చివరగా గోడల మాట. పడకగదికీ ఈ గదికీ నడుమ గోడ పగలగొట్టి దారి పెడదామన్న కోరిక చాలామందికి పుడుతుంది. మొత్తం పనిలో అన్నిటికన్నా ఖరీదైనది అదే అవుతుంది, ఆ గోడ ఇంటి బరువు మోసేదైతే ప్రమాదం కూడా. ఇంజనీరును అడగకుండా సుత్తి ఎత్తవద్దు. నేనైతే నాలుగు అడుగులు ఎక్కువ నడుస్తాను. అరల బరువును కూడా వీలైనంత వరకు గోడ మీద కాకుండా నిలువు కాళ్ల ద్వారా నేల మీదకే దించాను. గోడకు పట్టినవి, అవి ముందుకు ఒరగకుండా పైన వేసిన ఎల్ బ్రాకెట్లు మాత్రమే. జిప్సం గోడలున్న ఇళ్లకు ఇది ఇంకా ముఖ్యం. అక్కడ లోపలి నిలువు పట్టీ దొరికిన చోటే స్క్రూ పట్టు ఉంటుంది, ఉత్త పలకకు బిగిస్తే కోట్లతో పాటు ఊడి వస్తుంది. ఇలా కట్టిన గదిలో ఎవరికైనా మంచం వేయాల్సి వస్తే బ్రాకెట్లు విప్పి, కాళ్లు ఊడదీసి, రంధ్రాల్లో పుట్టీ నింపి, పైన ఒక పూత రంగు వేయాలి. అద్దెకు ఉండేవాళ్లైతే మొదటే గోడ రంగు డబ్బాలో కాస్త మిగిల్చి దాచుకోండి, ఆ రంగు మళ్లీ కలిపిస్తే సరిగ్గా కలవదు.